కొండెక్కుతానంటే కాదనాలా?

ఆమధ్య మా పాప బడి నుంచి ఓ కాగితం తెచ్చింది. ఓర్వకల్లు బండల దగ్గర రాక్ క్లైంబింగ్ శిక్షణ, మూడు రోజులు. ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. దానికింకా పన్నెండేళ్లు.

మా అత్తమ్మ వెంటనే అందుకుంది. "ఆడపిల్ల బండలెక్కి ఏం సాధించాల? కాలో చెయ్యో ఇరిగితే రేపు ఎవురు చేసుకుంటారు?" మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "నీ ఇష్టం" అనేశారు. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది.

"పూర్ణక్క ఎవరెస్ట్ ఎక్కినప్పుడు పదమూడేళ్లే కదమ్మా!" అంది పాప.

అవును, మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాలలో గిరిజన కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి బండ మీద మొదలైంది ఆమె శిక్షణ. ఆ తర్వాత డార్జిలింగ్, అటు తర్వాత లడఖ్ చలి. వందమందికి పైగా పిల్లల్లోంచి వడగట్టగా చివరికి మిగిలింది ఇద్దరే. పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్. నేర్పిన శేఖర్‌బాబు తాను స్వయంగా 2007లో ఎవరెస్ట్ ఎక్కినవాడు.

నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలి. అందుకే టిబెట్ వైపు నుంచి వెళ్లారు. ఆ ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచుచరియలు పడి 16 మంది చనిపోయారు. అయినా వీళ్లు ఆగలేదు. దారిలో శవాలు కనబడ్డాయని పూర్ణ తర్వాత చెప్పింది. 2014 మే 25న శిఖరం మీద నిలబడేసరికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్ల అప్పటిదాకా ప్రపంచంలోనే లేదు. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కేసింది.

ఇదంతా విని అత్తమ్మ ఊరుకుందా? "మరి నెల్లూరాయన సంగతి?" అంది.

ఆ మాటకు నా నోరు పెగల్లేదు. మల్లి మస్తాన్‌బాబు. గాంధీజనసంఘం అనే పల్లెలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఐఐటీ, ఐఐఎం దాకా వెళ్లిన మనిషి. 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అంటార్కిటికాలోని విన్సన్ ఎక్కిన తొలి భారతీయుడు ఆయనే. ఎవరూ వెళ్లని చోటికి వెళ్లాలన్న తపన ఆయన్ని ఆండీస్ పర్వతాలకు పదే పదే లాక్కెళ్లింది. 2015 మార్చిలో అక్కడే తప్పిపోయాడు. ఏప్రిల్‌లో శవమై దొరికాడు. కొడుకు కోసం ఎదురుచూసిన ఆ తల్లిని తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొండ ప్రమాదమే, కాదనను. కానీ పూర్ణను కాపాడింది అదృష్టం ఒక్కటే కాదు. నెలల తరబడి తీసుకున్న శిక్షణ కూడా. అసలు నేను వద్దంటున్నది కొండ గురించా, ఆడపిల్ల అనా?

మర్నాడు బడికెళ్లి అడిగాను. నేర్పేవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు? హెల్మెట్ ఇస్తారా? పైనుంచి తాడు కట్టే ఎక్కిస్తారా? దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? అన్నిటికీ సరైన జవాబులొచ్చాకే సంతకం పెట్టాను.

మూడో రోజు పాప మోకాలు గీరుకుని వచ్చింది. రెండుసార్లు జారి తాడుకు వేలాడిందట. మూడోసారి ఎక్కేసిందట. అత్తమ్మ గొణుక్కుంటూనే పసుపు అద్దింది. కాసేపాగి మెల్లగా అడిగింది:

"పైనుంచి ఏం కనపడిందే?"

"చానా దూరం కనపడింది జేజీ!"

మీ ఇంట్లో పిల్ల కూడా ఇలాంటి కాగితం తెస్తే వెంటనే కాదనకండి. ముందు అడగాల్సినవన్నీ అడగండి. ఏమంటారు?