లింబాయత్‌లో మా ఫిల్టరు

1993లో శిక్షణార్థులుగా హజీరా చేరినప్పుడు మేము నేర్చుకొన్న మొదటి పాఠం, ముక్కును నమ్మరాదని. దక్షిణ బసీన్ క్షేత్రం నుండి సముద్రగర్భపు గొట్టాల ద్వారా అక్కడికి వచ్చే సహజవాయువులో హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. స్వల్పంగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మోతాదు పెరిగితే ఘ్రాణశక్తి మొద్దుబారి, అసలు వాసనే లేనట్లు తోస్తుంది. ప్రమాదమంతా అక్కడే.

అయినా ఆదివారాలలో మేము వెదకినది వాసననే, కాఫీ వాసనను. సూరత్ నగరమంతా అల్లం, పుదీనా దట్టించిన తేనీటి రాజ్యం. మంచి పానీయమే, కాదనము. కాని రాత్రి షిఫ్టు దిగిన కోస్తావాసికి అది కాఫీ కాజాలదు.

ఒకనాడు లింబాయత్ వెళ్ళాము. తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు మరమగ్గాలపై బతుకుతున్న పేట అది. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతుంది. మగ్గాల మోత నడుమ ఒక చాయ్ బండి, దాని వెనుక ఒక వృద్ధురాలు. కాఫీ అడిగితే నవ్వింది.

"ఈడ కాఫీ ఎవలు తాగుతరు బిడ్డా? పొడి తెస్తే పెట్టిస్త."

మరుసటి వారమే పొడి, మాలో ఒకరి ఇంటి నుండి వచ్చిన ఇత్తడి ఫిల్టరు ఆమెకు అప్పగించాము. మొదటి డికాషన్ నీళ్ళవలె దిగినది. పొడిని అదిమి, మరిగే నీటిని కొద్దికొద్దిగా పోయడం మూడో వారానికి ఆమెకు పట్టుబడినది. పాలకు మాత్రమే డబ్బు తీసుకొనేది. ఏడాది పాటు మా ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి.

1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కినది. కొద్ది రోజులలోనే లక్షలాది మంది సూరత్ వదలిపోయారు. టెట్రాసైక్లిన్ గుళికలు దొరకడమే గగనమైనది. ప్లాంటు ఆపేది కాదు కనుక మేము కదలలేదు. భయపడలేదని మాత్రం చెప్పము.

నవంబరులో వెళ్ళి చూస్తే బండి లేదు, ఇంటికి తాళం. ఇత్తడి కదా, అమ్ముకొని ఉంటుందని మాలో ఒకరన్నారు. తక్కినవారము ఖండించలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మౌనమే.

డిసెంబరులో మరొక పనిపై అటు వెళ్ళినప్పుడు బండి మళ్ళీ కనిపించినది. సొంత ఊరికి పోయి వచ్చిందట. పైన మేకుకు మా ఫిల్టరు, చింతపండుతో తోమి తళతళలాడుతూ.

"అందరు మంచిగున్నరా? పొడి తెచ్చిన్రా?" అన్నది.

తేలేదు. ఆ రోజు అయిదుగురమూ చాయే తాగాము.