కొండ ఒకరిది, కాపలా ఇద్దరిది

ఏలూరు, నెల్లూరు అని విన్న చెవికి ఉలూరు అన్న మాట కూడా మన వైపు ఊరి పేరులాగే వినబడుతుంది. కాని అది ఊరు కాదు. ఆస్ట్రేలియా ఖండం నడుమ, ఎర్ర ఇసుక నేల మీద 348 మీటర్ల ఎత్తున నిలిచిన ఒంటి కొండ. వేల ఏండ్లుగా ఆ కొండను కనిపెట్టుకొని ఉన్నవారు అనంగు అనే ఆదివాసులు. 1873లో అక్కడికి వచ్చిన విలియం గాస్ అనే తెల్లదొర, తన పై అధికారి పేరు కలిసేటట్లు దానికి 'అయర్స్ రాక్' అని పేరు పెట్టాడు. 1958లో ప్రభుత్వం ఆ భూమిని ఆదివాసుల రిజర్వు నుండి విడదీసి పార్కుగా చేసింది. సొంతదారులు తమ వాకిట్లోనే పరాయివారయ్యారు.

వారు ఎన్నో ఏండ్లు అడిగిన మీదట, 1985 అక్టోబరు 26న గవర్నర్ జనరల్ సర్ నినియన్ స్టీఫెన్ హక్కు పత్రాన్ని అనంగుల చేతికిచ్చాడు. అదే రోజున వారు ఆ భూమిని 99 సంవత్సరాలకు పార్కుల శాఖకు కౌలుకు వ్రాసి ఇచ్చారు. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో పుచ్చుకున్నట్టు లేదూ? అయితే ఒప్పందంలో పట్టు ఉన్నది. పార్కును నడిపే బోర్డులో 12 మంది సభ్యులుంటే, అందులో 8 మంది అనంగులు. కౌలుతో పాటు ప్రవేశ రుసుములో నూటికి 25 వంతు వారికి ముడుతుంది.

లాభం ఒకవైపుదే కాదు. పూర్వం అనంగులు అక్కడక్కడ చిన్న మంటలు పెట్టి ఎండుగడ్డిని పేరుకోనిచ్చేవారు కారు. ఆ పద్ధతి ఆగిపోయాక, 1976లో కార్చిచ్చు పార్కులో చాలా భాగాన్ని మాడ్చివేసింది. తరువాత అధికారులు ఆ పెద్దల వద్దనే మంట పెట్టే పాఠం నేర్చుకున్నారు. అక్కడ కనుమరుగైన ఒక చిన్న కంగారూ జాతిని కూడా 2005లో కంచె కట్టి తిరిగి తెచ్చుకున్నారు.

తీరని బాధ ఒకటి మిగిలింది. అనంగులకు ఆ కొండ పవిత్రం, దానిమీద కాలు పెట్టరు. యాత్రికులు మాత్రం గొలుసు పట్టుకొని ఎక్కుతూనే ఉన్నారు. ఎక్కడాన్ని ఆపుతామన్న మాట 1983లో ప్రధాని బాబ్ హాక్ ఇచ్చినదే; పత్రం చేతికి వచ్చేనాటికి ఆ మాట నిలవలేదు. ఎక్కబోయి 37 మంది చనిపోయారు. తమ గడపలో అతిథి ప్రాణం పోతే ఇంటివారు ఎంత కుమిలిపోతారో, ప్రతి చావుకూ అనంగులు అంత కుమిలిపోయారు. అయినా ఎవరినీ అడ్డగించలేదు, చేయి చేసుకోలేదు. "దయచేసి ఎక్కవద్దు" అని బోర్డు పెట్టి, వచ్చినవారికి కారణం చెప్పి, ఓపిక పట్టారు. ఎక్కేవారు ఏటేటా తగ్గి నూటికి 20 మందిలోపుకు వచ్చారు. 2017లో బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది. 2019 అక్టోబరు 26న, పత్రం అందిన 34 ఏండ్లకు, దారి మూతపడింది. తరువాత గొలుసులు కూడా పీకివేశారు.

కాగితం మీద హక్కు ఒక్క రోజులో వచ్చింది. ఆ హక్కు మాటగా చెల్లుబాటు కావడానికి 34 ఏండ్లు పట్టింది. ఉలూరు చూడబోయేవారు నేడు కొండ చుట్టూ నడిచి, కింద నిలబడి చూసి వస్తారు. ఎక్కకపోయినంత మాత్రాన కొండ చిన్నది కాలేదు గదా!