బెల్టు పొట్ట మీద కాదు.. పొట్ట కింద!

‘పొట్ట నొక్కుకుపోతుందేమోనని బెల్టు పెట్టలేదు డాక్టర్!’ కోరుట్ల నుంచి జగిత్యాలకు, సిరిసిల్ల నుంచి కరీంనగర్‌కు చెకప్‌లకని కార్లో బయల్దేరే ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. భయమంతా బిడ్డ గురించే. కానీ బెల్టు లేకుండా సడన్ బ్రేక్ పడితే తల్లి పొట్ట వెళ్లి డ్యాష్‌బోర్డుకో, ముందు సీటుకో గుద్దుకుంటుంది. ఆ దెబ్బకు మాయ గర్భసంచి నుంచి విడిపోతే బిడ్డకు ఆక్సిజన్ అందదు.

అడ్డంగా వచ్చే పట్టీ పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీద బిగుతుగా ఉండాలి. బొడ్డు మీదకు రాకూడదు. భుజం పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. దాన్ని చంక కిందకో, వీపు వెనక్కో తోసేయొద్దు. చీర కుచ్చిళ్లు లావుగా ఉంటే అడ్డపట్టీ పైకి జారుతుంది. శ్రీమంతం నాటి పట్టుచీరైతే మరీను! సర్దుకున్నాకే బండి కదలనివ్వండి. వెనక సీటులోనూ ఇదే పద్ధతి. అక్కడ కూడా బెల్టు చట్టప్రకారం తప్పనిసరే.

మీరే నడుపుతుంటే స్టీరింగ్‌కూ, రొమ్ము ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉంచండి. ఎయిర్‌బ్యాగ్ ఉందని బెల్టు మానొద్దు.

ఇక అసలు పొరపాటు.. చిన్న గుద్దుడే కదా అని ఇంటికి వెళ్లిపోవడం. రక్తస్రావం బయటికి కనిపించకుండానే మాయ విడిపోవచ్చు. ఆరో నెల దాటితే ఆసుపత్రిలో కనీసం 4 గంటలు బిడ్డ గుండె చప్పుడు గమనించాలి. తల్లిది నెగెటివ్ గ్రూపైతే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం కావచ్చు. పొట్ట గట్టిపడినా, నొప్పి, రక్తస్రావం ఉన్నా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.