పగటి విమానములో పసిబిడ్డ

హైదరాబాదునుండి లండనుకు ఉదయము బయలుదేరు విమానము సుమారు 10 గంటలు ఆకాశమున నుండును. పడమటికి పోవుచున్నందున సూర్యుడును వెంటనంటి వచ్చుచున్నట్లే యుండును. పొద్దు ఎంతకును వాలదు. రెండేండ్లు నిండని బిడ్డను ఒడినుంచుకొని యిట్టి ప్రయాణమునకు పూనుకొను తల్లి మొదట తలపోయునది తోటివారిని గూర్చియే: "బిడ్డ యేడ్చిన నలుగురును ఏమనుకొందురో!" అంతకంటె ముందు బిడ్డ యేల యేడ్చునో తెలిసికొనుట మేలు.

విమానము 35,000 అడుగుల ఎత్తున పోవుచున్నను, లోపలి గాలి యొత్తిడిని 6,000 మొదలు 8,000 అడుగుల ఎత్తునందలి గాలికి సమానముగ నుంచుదురు. అనగా ప్రయాణికులు ఊటీ కొండమీద కూర్చున్నట్లే. కర్ణభేరికి వెనుక గాలి నిండిన చిన్న గది కలదు. ఆ గదికిని గొంతు పైభాగమునకును నడుమ సన్నని నాళ మున్నది. విమానము పైకి లేచునప్పుడు గదిలోని గాలి వ్యాకోచించి నాళముగుండ సులభముగ వెలుపలికి పోవును. దిగునప్పు డట్లు కాదు. వెలుపలి యొత్తిడి పెరిగి కర్ణభేరిని లోనికి నొక్కును; నాళము తెరచుకొన్నగాని గదిలోనికి గాలి చేరదు. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరచుకొనును. పెద్దలకు ఈ ఉపాయము తెలియును. బిడ్డకు తెలియదు, పైగా బిడ్డ నాళము మిక్కిలి యిరుకైనది. కావున ఆ యేడుపు మారాము కాదు, నొప్పి.

అందుచే విమానము దిగనారంభించినంతనే, అనగా నేల తాకుటకు సుమారు అరగంట ముందు, బిడ్డ నిద్రించుచున్నను లేపి పాలో నీళ్లో కొద్దికొద్దిగా త్రాగింపవలెను. దారిలోనే సీసా ఖాళీచేయరాదు. తనిఖీవద్ద ద్రవపదార్థములకు గల 100 మిల్లీలీటర్ల పరిమితి బిడ్డ పాలకు వర్తింపదు. అధికారులకు చూపి, ప్రయాణమునకు చాలినన్ని తీసికొనిపోవచ్చును. జలుబు చేసిన బిడ్డను ముందుగనే వైద్యునికి చూపవలెను.

రాత్రి విమానములో దీపము లార్పగనే పిల్లలకు కునుకు పట్టును. పగటి ప్రయాణమున నిద్రవేళను మనమే కల్పింపవలెను. ఇంటివద్ద మధ్యాహ్నము పండుకొను వేళకే కిటికీ తెర దించి, అలవాటైన దుప్పటి కప్పి జోకొట్టవలెను. మేలుకొన్నప్పుడు ఆటవస్తువులన్నియు ఒక్కసారి ముందు పోయక, గంటకొకటి చొప్పున తీయవలెను. లోపలి గాలిలో తేమ తరచుగ నూటికి 20 పాళ్లకంటె తక్కువ. గనుక నీళ్లు పలుమారు పట్టవలెను. నిద్రకొరకు జలుబుమందు పోయుట తగదు. కొందరు పిల్లలకు అది నిద్రకు మారుగ కలవరమునే కలిగించును.

ఈ సంగతులు తల్లిదండ్రులకే కాదు, ప్రక్క ఆసనమున నున్నవారికిని తెలియదగినవి. విమానము దిగువేళ బిడ్డ యేడ్చినచో ముఖము చిట్లించుటకంటె, తల్లికి అందని పాలసీసాను అందించుట మంచిది.