కొత్త మోడల్ బండి: కంపెనీ పాతదే అయినా తొలి ఏడాది ఎందుకు మొరాయిస్తుంది?

భిలాయి ఉక్కు పట్టణంలో టూవీలర్ అంటే విలాసం కాదు, డ్యూటీలో భాగం. సెక్టార్లలోని క్వార్టర్ల నుంచి ప్లాంటు గేటు దాకా, ఖుర్సీపార్, సుపేలా, పవర్ హౌస్ బస్తీల నుంచి చిన్న ఫ్యాక్టరీల దాకా రోజూ వేల మంది బండి మీదే పనికి వెళ్తారు. రాత్రి షిఫ్టుకు బయల్దేరే వేళ బండి స్టార్ట్ కాకపోతే కాంట్రాక్టు కార్మికుడికి ఆ పూట కూలీ పోయినట్టే.

అందుకే బండి కొనేటప్పుడు ఇక్కడి కుటుంబాలు ముందుగా చూసేది కంపెనీ పేరు. 'నాన్న నడిపింది అదే, మామయ్య దగ్గరున్నదీ అదే' అన్న మాటతో సగం నిర్ణయం అయిపోతుంది. ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలదీ ఇదే తీరు. మరి ఇరవై ఏళ్లు సతాయించకుండా నడిచిన బండి మీద పెట్టుకున్న ఆ నమ్మకం, అదే కంపెనీ నిన్నగాక మొన్న విడుదల చేసిన మోడల్‌కు కూడా వర్తిస్తుందా?

చాలా సందర్భాల్లో వర్తించదు. ఎందుకో చూద్దాం.

నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

1970, 80 దశకాల్లో స్కూటర్ కొనాలంటే డబ్బు ఒక్కటే సరిపోయేది కాదు, ఓపిక కూడా కావాలి. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండాల్సి వచ్చేది. ఎంచుకోవడానికి వేరే దారి పెద్దగా లేని కాలమది. ఉన్న ఆ ఒక్క బండీ ఊరూరా తెలిసిపోవడంతో దాన్ని బాగుచేయలేని మెకానిక్ ఉండేవాడు కాదు.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. దాని 97.2 సీసీ ఇంజిన్ తీరే 1994లో వచ్చిన స్ప్లెండర్‌లోనూ కొనసాగింది. 2010 డిసెంబరులో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించాయి. ఆ తర్వాత కంపెనీ పేరు హీరో మోటోకార్ప్‌గా మారినా స్ప్లెండర్ అమ్మకాలు ఆగలేదు. జనం నమ్మింది ట్యాంకు మీద రాసిన పేరును మాత్రమే కాదు. దశాబ్దాలుగా మారని ఇంజిన్‌ను, వీధి చివర దొరికే స్పేర్ పార్టులను, కళ్లు మూసుకుని దాన్ని విప్పి బిగించగల మెకానిక్‌ను నమ్మారు.

అంటే బ్రాండ్ మీద నమ్మకం అని మనం పిలిచేదాంట్లో మూడు విషయాలు కలిసి ఉన్నాయి: ఏళ్ల తరబడి రోడ్డు మీద పరీక్షకు నిలిచిన డిజైన్, అందుబాటులో పార్టులు, చేయి తిరిగిన మెకానిక్. కొత్త మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజున ఈ మూడింటిలో ఏదీ దానికి పూర్తిగా ఉండదు. కంపెనీ పేరు మాత్రమే ఉంటుంది.

తొలి ఏడాది ఏం జరుగుతుంది?

ఈ సంగతి ఉక్కు కార్మికులకు విడమరచి చెప్పక్కర్లేదు. భిలాయిలో 4,060 ఘనపు మీటర్ల 'మహామాయ' బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2018 ఫిబ్రవరిలో వెలిగించారు. ఏ కొత్త ఫర్నేస్‌నైనా మొదటి రోజే పూర్తి సామర్థ్యంతో నడపరు. లోపలి ఇటుక వరసను మెల్లగా ఆరబెట్టి, వేడిని అంచెలంచెలుగా పెంచుతూ, ఎక్కడ ఏం తేడా వస్తుందో కనిపెట్టుకుంటూ ఉత్పత్తిని పెంచుతారు. కొత్త మోడల్ బండికీ ఇలాంటి దశ ఉంటుంది. తేడా ఏమిటంటే, ఫర్నేస్ దగ్గర ఆ దశలో ఉండేది ఇంజనీర్లు. బండి విషయంలో ఆ స్థానంలో ఉండేది డబ్బు కట్టి కొన్న మనిషి.

తొలి ఏడాది సమస్యలకు ప్రధానంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి, పరీక్షల పరిమితి. కంపెనీ టెస్ట్ ట్రాక్ మీద వందల బండ్లను లక్షల కిలోమీటర్లు నడిపినా, లక్ష మంది లక్ష రకాలుగా నడిపినప్పుడు బయటపడే లోపాలు వేరు. మే నెలలో మండే ఎండ, ప్లాంటు పరిసరాల దుమ్ము, ముగ్గురిని ఎక్కించుకుని వెళ్లే అలవాటు, అయిదు నెలలు దాటినా చేయించని సర్వీసు... ఇవన్నీ ట్రాక్ మీద ఒకేసారి ఎదురుకావు.

రెండు, విడిభాగాల సరఫరా. బండిలోని పార్టుల్లో ఎక్కువ భాగం బయటి సరఫరాదారుల నుంచి వస్తాయి. కొత్త పార్టును కొత్త అచ్చుతో చేస్తున్న తొలి నెలల్లో నాణ్యత ఒక్కో బ్యాచ్‌కు ఒక్కోలా ఉండే అవకాశం ఎక్కువ.

మూడు, అసెంబ్లీ లైన్. ఏ బోల్టును ఎంత బిగువుతో బిగించాలి, ఏ వైరు ఎక్కడ ఒరుసుకుపోతోంది అన్నవి పని చేస్తూ చేస్తూ చేతికి వచ్చే విషయాలు.

నాలుగోది కొనుగోలుదారును ఎక్కువగా ఏడిపించేది: సర్వీసు. లోపం చిన్నదే కావచ్చు. దాన్ని పట్టుకోవడం మెకానిక్‌కు ఇంకా తెలియదు. తెలిసినా పార్టు డిపోలో ఉండదు. పూటలో అయ్యే పనికి వారాలు పడుతుంది.

అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ కార్ల విషయంలో ఎప్పటి నుంచో ఇదే చెబుతోంది: పూర్తిగా మార్చిన మోడల్‌ను తొలి ఏడాది కొనకండి, లోపాలు సరిదిద్దుకునే దాకా ఆగండి అని. మన పెద్దల సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది: ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఇందుకు ఉదాహరణ. 2016లో సరికొత్త 411 సీసీ ఇంజిన్‌తో వచ్చినప్పుడు తొలి కొనుగోలుదారుల నుంచి ఫిర్యాదులు గట్టిగానే వినిపించాయి. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో మార్చిన మోడల్ వచ్చింది. క్రమంగా మెరుగులు దిద్దుకుని, కొండదారుల్లో తిరిగేవారికి ఇష్టమైన బండిగా అది చాలా ఏళ్లు కొనసాగింది. బండి మంచి పేరు తెచ్చుకుంది నిజమే. దానికి మూల్యం చెల్లించినవారిలో తొలి ఏడాది కొన్నవారూ ఉన్నారు.

పాత మోడల్ అయితే పూర్తి భరోసా ఉంటుందా అంటే, అదీ లేదు. 2021 మే నెలలో ఇదే కంపెనీ ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా ఇండియా సహా ఏడు దేశాల్లో 2,36,966 బండ్లను రీకాల్ చేసింది. వాటిలో అప్పుడే కొత్తగా వచ్చిన మీటియార్ 350తో పాటు ఏళ్ల నాటి క్లాసిక్, బుల్లెట్ కూడా ఉన్నాయి. ఒక్క పార్టు బ్యాచ్ దెబ్బతింటే కొత్త, పాత తేడా ఉండదు.

పేరు పాతదే, లోపల కొత్తది

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఆ తేదీ తర్వాత బీఎస్-4 బండ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018లోనే తీర్పు ఇచ్చింది. దాంతో స్ప్లెండర్ వంటి బండ్లలోనూ కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ట్యాంకు మీద పేరు మారలేదు, షోరూమ్ మారలేదు. స్క్రూ డ్రైవర్‌తో ట్యూనింగ్ చేసే మెకానిక్ ముందు మాత్రం సెన్సర్లు, కంట్రోల్ యూనిట్లు వచ్చి నిలబడ్డాయి.

ఒక రకంగా ఆ ఏడాది దేశంలోని ప్రతి మోడల్‌కూ తొలి ఏడాదే. 'ఎప్పటి నుంచో ఉన్న బండి కదా' అని కొన్నవారు కూడా లోపల కొత్త యంత్రాన్నే కొన్నారు.

2022 వేసవి నేర్పిన పాఠం

ఎలక్ట్రిక్ స్కూటర్ల రాకతో ఈ సమస్య ప్రాణాల మీదికి వచ్చింది. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో పలుచోట్ల ఈ-స్కూటర్లకు మంటలు అంటుకున్నాయి. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు చనిపోయారు. అదే నెలలో ఒకినావా 3,215 స్కూటర్లను, హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను, ఓలా ఎలక్ట్రిక్ 1,441 స్కూటర్లను రీకాల్ చేస్తున్నట్టు ప్రకటించాయి. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రత ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేసింది. సవరించిన నిబంధనలు 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి మరో విడత అమల్లోకి వచ్చాయి.

కంపెనీలు మార్కెట్లోకి వచ్చిన తీరు కూడా గమనించదగ్గది. బజాజ్ చేతక్ ఎలక్ట్రిక్‌ను 2020 జనవరిలో తొలుత పుణె, బెంగళూరుల్లోనే అమ్మారు. టీవీఎస్ ఐక్యూబ్ కూడా బెంగళూరుతోనే మొదలైంది. కొద్ది బండ్లు, దగ్గరలోనే సర్వీసు, లోపం కనిపిస్తే సరిదిద్దుకునే వీలు. ఓలా ఇందుకు భిన్నంగా 2021 ఆగస్టు 15న స్కూటర్‌ను ఆవిష్కరించి, ఆన్‌లైన్‌లో దేశమంతటికీ అమ్మకానికి పెట్టింది. డెలివరీలు ఆ డిసెంబరులో మొదలయ్యాయి. క్రూజ్ కంట్రోల్ లాంటి సదుపాయాలు అప్పటికి సిద్ధం కాలేదు, తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతో వచ్చాయి. 2023 మార్చిలో ముందు ఫోర్క్‌ను ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఓలాకు నోటీసు ఇచ్చింది. ఏడాదిలో జాతీయ హెల్ప్‌లైన్‌కు ఆ కంపెనీ మీద 10,644 ఫిర్యాదులు అందాయన్నది అందుకు ఆధారం. సర్వీసులో జాప్యం వాటిలో పెద్ద వాటా. వాటిలో 99.1 శాతం పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. ఎవరి లెక్క ఎలా ఉన్నా, జనాన్ని కష్టపెట్టింది లోపం ఒక్కటే కాదు, బాగుచేసే దిక్కు దగ్గరలో లేకపోవడం కూడా అన్నది స్పష్టం. పెద్ద నగరాల్లోనే ఈ పరిస్థితి అయితే భిలాయి, దుర్గ్ లాంటి పట్టణాల్లో సర్వీసు సెంటర్ ఎంత దూరం అన్న ప్రశ్నకు మరింత బరువుంటుంది.

అభిమానం నిజాన్ని ఎలా కప్పేస్తుంది?

బండి కొన్నాక దాన్ని తప్పుబట్టడం తేలిక కాదు. మూడేళ్ల ఈఎంఐ నెత్తిన ఉంటుంది. ఇంట్లో వద్దన్నా వినకుండా కొన్నవారైతే పరువు సమస్య. పైగా తమ మోడల్‌కు చెడ్డపేరు వస్తే అమ్ముకునేటప్పుడు ధర పడిపోతుంది. అందుకే చాలామంది 'ఎక్కడో ఒకటి అరా అలా ఉంటుంది' అని సర్దిచెబుతారు. అవతలి కంపెనీ బండిలో అదే లోపం కనిపిస్తే మాత్రం 'ఆ కంపెనీయే అంత' అంటారు.

దీనివల్ల నష్టపోయేది ఆ తర్వాత కొనేవాడు. నిజం చెప్పగల యజమానే మొహమాటపడితే మిగిలేది ప్రకటనలే. కంపెనీకీ మేలు జరగదు. ఫిర్యాదు రాని లోపాన్ని ఏ ఫ్యాక్టరీ సరిదిద్దదు. కంపెనీ మీద నిజమైన అభిమానం ఉన్నవాళ్లు ముందుగా చేయాల్సింది లోపాన్ని రాతపూర్వకంగా చెప్పడమే.

కొనే ముందు ఏం అడగాలి?

'కంపెనీ వయసెంత' అని కాదు, 'ఈ ఇంజిన్ వయసెంత' అని అడగాలి. కొత్త పేరుతో వచ్చినా లోపల పాత ఇంజిన్, పాత ఫ్రేమ్ ఉంటే రిస్కు తక్కువ. పేరు పాతదై లోపల అంతా మారితే అది కొత్త మోడలే. ఎలక్ట్రిక్ బండి అయితే ఇంజిన్ బదులు బ్యాటరీ, మోటారు, సాఫ్ట్‌వేర్‌ల గురించి ఇదే ప్రశ్న వేయాలి.

షోరూమ్ మెరుపులు కాకుండా సర్వీసు సెంటర్‌కు వెళ్లి చూడాలి. ఆ మోడల్ బండ్లు ఎన్ని పడి ఉన్నాయి, ఏ పార్టు కోసం ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాయి అన్నది అక్కడి కస్టమర్లే చెబుతారు. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏ సందర్భంలో వర్తించదు అన్నది కాగితం మీద చదవాలి. తొందర లేకపోతే ఏడాది ఆగడం అన్నిటికంటే చవకైన బీమా. ఆ బండి మీదే జీవనం నడిచేవారికైతే ఇది మరీ ముఖ్యం.

కొన్నాక ఇబ్బంది వస్తే?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 110ఏ వచ్చింది. ప్రమాదకరమైన లోపం ఉన్న వాహనాలను వెనక్కి తీసుకోవాలని కేంద్రమే కంపెనీని ఆదేశించవచ్చు. సంబంధిత నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అయితే ఇది భద్రతకు, పర్యావరణానికి ముప్పు తెచ్చే లోపాలకే పరిమితం. పదేపదే ఆగిపోయే బండికి బదులు కొత్తది ఇప్పించే 'లెమన్ లా' లాంటి ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు.

అలాంటి వారికి దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. భిలాయివాసులు తాము ఉండే దుర్గ్ జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఇక్కడ గెలిపించేవి కాగితాలు: ప్రతి సర్వీసు జాబ్ కార్డు, బిల్లు, పంపిన ఈమెయిల్. నోటి మాటతో బండి వదిలి వస్తే రేపు రుజువు ఉండదు.

కొత్త మోడళ్లను ఎవరూ కొనకపోతే అవి మెరుగుపడేదీ ఉండదు. ఇంట్లో రెండో బండి ఉన్నవారు, సర్వీసు సెంటర్ పక్కనే ఉన్నవారు ఆ రిస్కు తీసుకోగలరు. ఒక్క బండి మీదే కుటుంబం నడిచే కార్మికుడు కంపెనీ పేరు చూసి ఆ భారం నెత్తికెత్తుకోవాల్సిన పని లేదు. పాత బండి సంపాదించుకున్న నమ్మకం ఆ పాత బండిదే. కొత్తది తనది తాను సంపాదించుకోవాలి.