"కాపురం ఎలా ఉందమ్మా?" అని ఎవరు అడగాలి?

ఒమన్‌లోని బాతినా తీరంలో, మస్కట్‌కూ సొహార్‌కూ నడుమ ఉంది ఖబూరా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చి రేడియేషన్ కావాలంటే ఇక్కడుంటున్న తెలుగు మహిళ సుమారు రెండు గంటలు ప్రయాణించి మస్కట్ చేరాలి. 2004లో మొదలైన రాయల్ హాస్పిటల్ జాతీయ క్యాన్సర్ కేంద్రం, 2021లో తెరిచిన సుల్తాన్ ఖాబూస్ సమగ్ర క్యాన్సర్ కేంద్రం అక్కడే ఉన్నాయి. అంత దూరం వెళ్లి మందుల గురించి మాట్లాడి వస్తారు గానీ, కాపురం గురించిన మాట గొంతులోనే ఉండిపోతుంది.

1,27,526: 2022లో భారత్‌లో కొత్తగా ఈ ఒక్క క్యాన్సర్ వచ్చిన మహిళల అంచనా సంఖ్య ఇది. ఆ ఏడాది మరణాలు 79,906. బతికి బయటపడ్డవాళ్లు ఎలా బతుకుతున్నారన్నది ఈ లెక్కలకు అందదు.

సగానికి పైగా: స్త్రీ జననాంగ క్యాన్సర్ల చికిత్స తర్వాత లైంగిక ఇబ్బందులు చెప్పేవారి వాటా చాలా అధ్యయనాల్లో ఇంత. కారణాలు తెలిసినవే. రేడియేషన్‌తో యోని పొడిబారి, ఇరుకై, కలయిక నొప్పిగా మారుతుంది. రెండు అండాశయాలూ తీసేస్తే ముట్లు ఒక్కసారిగా ఆగిపోయి ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు మొదలవుతాయి. వీటికి తోడు, జబ్బు తిరగబెడుతుందన్న బెంగ. "గర్భసంచి తీసేశాక నేనింకా ఆడదాన్నేనా" అన్న దిగులు.

74, 62: యోని, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల నుంచి కోలుకుని చాలా ఏళ్లు గడిచిన అమెరికా మహిళలపై 2007లో ఒక అధ్యయనం వెలువడింది. లైంగిక విషయాలను డాక్టర్లు తరచూ ప్రస్తావించాలని 74 శాతం మంది కోరారు. డాక్టర్ తనంతట తాను ఆ మాట ఎన్నడూ ఎత్తలేదని 62 శాతం మంది చెప్పారు. పరాయి దేశంలో ఉన్న తెలుగు మహిళకు ఇంకో చిక్కు ఉంది. అరబిక్, ఇంగ్లీషు రాకపోతే భర్తే దుబాసీ. ఆయన ముందు చెప్పలేని మాటను ఆయన నోటితోనే చెప్పించాలి.

4 మెట్లు: 1976లో అమెరికా మనస్తత్వవేత్త జాక్ ఆనన్ ఒక పద్ధతి చెప్పాడు. మొదటి మెట్టు, ఈ మాట ఇక్కడ మాట్లాడొచ్చన్న భరోసా ఇవ్వడం. రెండోది, అవసరమైనంత సమాచారం. మూడోది, ఆమె ఇబ్బందికి తగిన సలహా. నాలుగోది, నిపుణుల చికిత్స. మొదటి రెండూ నర్సు చేయగలదు. పై మెట్లకు బృందం కావాలి: క్యాన్సర్ సర్జన్, రేడియేషన్ డాక్టర్, కటి కండరాల వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు, మానసిక నిపుణులు. బృందంలో ఎవరో ఒకరు ముందుగా ఈ మాట ఎత్తాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2018లో సిఫారసు చేసింది.

2 నుంచి 8 వారాలు: రేడియేషన్ పూర్తయ్యాక, పుండు మానిందని డాక్టర్ చూసి చెప్పాక, యోని మూసుకుపోకుండా డైలేటర్ (యోనిని మెల్లగా సాగదీసే సాధనం) వాడకం సాధారణంగా ఈ గడువులో మొదలుపెడతారు. వారానికి రెండు మూడుసార్లు, కొద్ది నిమిషాలు చాలు. పొడిదనానికి జెల్ ఉంటుంది. హార్మోన్ క్రీము మాత్రం క్యాన్సర్ రకాన్ని బట్టి డాక్టర్ చెబితేనే వాడాలి.

సున్నా: కలయిక వల్ల క్యాన్సర్ భర్తకు అంటుకునే ప్రమాదం ఇంత. బయటి నుంచి ఇచ్చిన రేడియేషన్ ఒంట్లో నిలవ ఉండదు. ఈ రెండు ముక్కలు చెప్పేవాళ్లు లేక వేరు పక్కలు వేసుకున్న ఇళ్లున్నాయి.

స్వదేశానికి వచ్చినవారికి మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు 14416 ఉంది. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత టెలీ మానస్ సేవ తెలుగులోనూ అందుతుంది.

ఈసారి మస్కట్ వెళ్లేటప్పుడు మీ ప్రశ్నను కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. కాసేపు భర్తను బయట కూర్చోమని, ఆసుపత్రివాళ్లనే దుబాసీని పిలిపించమని అడగండి. అలా అడగడం తప్పు కాదు. అది కూడా చికిత్సలో భాగమే.