పరగ్రహపు దొర, భూమి పిల్ల: అపోహలు – వాస్తవాలు

ముఖచిత్రం మీద కండలు తిరిగిన నీలిరంగు మగవాడు, పక్కన మన భూమి అమ్మాయి. ఇంగ్లిషులో ఇలాంటి ప్రేమ నవలలు బోలెడు. బొమ్మ చూసే తీర్పు చెప్పేస్తారు చాలామంది. ఆ తీర్పుల్లో తప్పులున్నాయి.

అపోహ: ఇదంతా టిక్‌టాక్ పుట్టించిన మోజు.

వాస్తవం: టిక్‌టాక్ ప్రచారం తెచ్చింది గానీ పుట్టించలేదు. రూబీ డిక్సన్ ‘ఐస్ ప్లానెట్ బార్బేరియన్స్’ను 2015లోనే సొంతంగా ప్రచురించుకున్నారు. 2021లో పాఠకుల వీడియోలతో అది ఊపందుకుంటే, ఆ తర్వాతే పెద్ద ప్రచురణ సంస్థ అచ్చు వేసింది. ఇంకా వెనక్కి వెళ్తే, ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో అంగారకుడి మీద ప్రేమకథను పత్రికలో ధారావాహికగా రాశాడు. అక్కడ భూమివాడు మగవాడు, రాకుమారి అంగారకురాలు. 1967లో ‘స్టార్ ట్రెక్’ టీవీ ధారావాహిక ప్రేక్షకులు అందులోని స్పాక్ అనే పాత్ర తల్లిదండ్రుల్ని చూశారు: తల్లి అమాండా భూమి మనిషి, తండ్రి సారెక్ వల్కన్ అనే గ్రహపు రాయబారి. తర్వాతి దశాబ్దాల్లో ఈ కథలు స్త్రీలు రాసేవిగా, స్త్రీ కళ్లతో చూసేవిగా మారాయి. నా దృష్టిలో అసలు మలుపు అదే.

అపోహ: ప్రేమ చేరితే సైన్సు పల్చబడుతుంది.

వాస్తవం: కేథరిన్ అసారో హార్వర్డ్‌లో రసాయన భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. ఆమె ‘ది క్వాంటమ్ రోజ్’లో కామోజ్ అనే యువతి ఒక పేద సీమకు ఏలిక, ఆమె జీవితంలోకి వేరే గ్రహం నుంచి వచ్చిన ప్రభువు అడుగుపెడతాడు. కణాలు ఢీకొని చెదిరే తీరును వివరించే క్వాంటమ్ సిద్ధాంతాన్నే ఆ కథకు చట్రంగా వాడుకున్నారామె. 2001కి ఉత్తమ నవలగా నెబ్యులా పురస్కారం దానికే దక్కింది.

అపోహ: పెళ్లయితే పిల్లలు పుట్టరా ఏం!

వాస్తవం: పుట్టరు. రచయితలు ఎక్కువగా కష్టపడాల్సింది ఇక్కడే. చింపాంజీ జన్యుక్రమం మనదానితో పోల్చదగిన భాగాల్లో దాదాపు 99 శాతం కలుస్తుంది. అయినా రెంటికీ సంకరం పుట్టిన దాఖలా లేదు. మన పెరట్లో మామిడిచెట్టు కూడా మనకు దూరపు చుట్టమే, భూమి మీది జీవులన్నిటికీ మూలం ఒకటే కనుక. వేరే గ్రహంలో విడిగా పుట్టిన జీవికి ఆ పాటి చుట్టరికమైనా ఉండదు. దాని శరీరంలో డీఎన్‌ఏ ఉంటుందనే హామీ లేదు. ఉన్నా, మన కణం చదవగలిగే లిపిలో ఉండాలని లేదు.

అందుకే బాగా ఆలోచించిన రచయితలు ఈ చిక్కును దాటే దారి కథలోనే వేస్తారు. అసారో లోకంలో దూర గ్రహాలవాళ్లు ఎప్పుడో భూమి నుంచి తరలిపోయిన మనుషుల సంతతే. 1993లో ‘స్టార్ ట్రెక్’ కథకులు, ఒకే ప్రాచీన జాతి అనేక గ్రహాల్లో విత్తనం చల్లిందన్నారు. డిక్సన్ మంచు గ్రహంలో ‘ఖుయి’ అనే జీవి మనిషి ఒంట్లో చేరి కాపురముంటుంది. అది లేకపోతే అక్కడి గాలికి భూమి మనిషి బతకదు. శరీరాన్ని మార్చి, జోడీని ఎంచేదీ అదే. బరోస్ రాకుమారి మాత్రం గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి భూమివాడి కొడుకు ఎలా వచ్చాడన్నది ఆయన పట్టించుకోలేదు.

అపోహ: ఎత్తుకుపోయినవాణ్ణే ప్రేమించే కథలివి.

వాస్తవం: కొన్ని అలాంటివే, వాటిని వెనకేసుకురాను. డిక్సన్ నవలలో కథానాయిక జార్జీని ఎత్తుకుపోయేది ఒక జాతి, ఆమెను ప్రేమించే వెక్టల్ వేరే జాతి నాయకుడు. అయినా వాళ్ల తొలి కలయికలో ఆమె సమ్మతి ఏమైందన్న విమర్శ న్యాయమైనదే. జోడీని ఖుయి ఎంచితే ఆమె ‘ఔను’కి విలువెంత అన్న ప్రశ్నా మిగులుతుంది.

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ ‘షార్డ్స్ ఆఫ్ హానర్’ (1986) ఈ ప్రశ్నను దాటవేయదు. ఇందులో జంట ఇద్దరూ మనుషులే, గ్రహాలు వేరు. అంతరిక్ష పరిశోధక నౌకకు అధిపతి అయిన కార్డీలియా, శత్రు గ్రహపు ప్రభువు అరాల్‌కు బందీ. అతను పెళ్లి మాట ఎత్తితే అప్పటికప్పుడు ఒప్పుకోదు. సొంత గ్రహానికి తిరిగొచ్చాక, శత్రువులు ఆమె మనసు మార్చేశారని వైద్యులు నమ్మి, చికిత్స చేయబోతారు. ఆమె మాట వినేవాళ్లే ఉండరు. చివరికి వాళ్లను తప్పించుకుని, తనే అరాల్ ఉన్న గ్రహానికి వెళ్తుంది.

తన జోడీని తనే ఎంచుకోవడమంటే తెలుగు పాఠకులకు ఇక్కడ దమయంతి గుర్తురావాలి. స్వయంవరంలో నలుగురు దేవతలు ఆమె మనసిచ్చిన నలుడి రూపంలోనే కూర్చున్నారు. చెమట పట్టని ఒళ్లు, రెప్ప పడని కళ్లు, నేల తాకని పాదాలు, వాడని పూలదండలు చూసి వాళ్లెవరో పోల్చుకుంది. చెమట పట్టినవాడి మెడలోనే దండ వేసింది.